కరెంటు వచ్చేలోగా

మందుల ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఆ పని ఇళ్లలోకి వచ్చింది. విశాఖ శివారులోని ఆ కాలనీలో ప్రతి వంటింట్లోనూ పొయ్యి పక్కన ఒక గాజు గుండిగ ఉంటుంది. పైనుంచి యాసిడ్ చుక్కచుక్కగా పడుతుంటే లోపల మోటారు కలుపుతూ ఉంటుంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పోయినప్పుడు మోటారు స్విచ్ కట్టేసే అలవాటు ఎవరికీ లేదు. మోటారు ఆగింది గానీ చుక్కలు ఆగలేదు. గంట తర్వాత అది చూసిన గౌరీశ్వరి గబగబా యాసిడ్ కట్టేసి గరిటె అందుకుంది.

"కలపకే!" అత్త ఎల్లాయమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది. ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీలో చేసిన మనిషి. "పడిందంతా అడుగునే ఉంది. ఇప్పుడు కలిపితే గంటలో పుట్టాల్సిన వేడంతా నిమిషంలో పుడతాది. పేలిపోద్ది. ముందు ఆ మోటారు ప్లగ్గు పీకియ్యి!"

గౌరీశ్వరి ప్లగ్గు పీకింది. గుండిగ ఇంకా చల్లగానే ఉంది. హమ్మయ్య అనుకుంది.

"పక్కింటోళ్లకి సెప్పాల," అంటూ ఎల్లాయమ్మ గుమ్మం దాకా పరిగెత్తింది.

అప్పుడే నెత్తిమీద ఫ్యాను కదిలింది. "కరెంటొచ్చింది!" అని కాలనీ పిల్లలంతా ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. ఆ వెనకే ఇంటింటా మోటార్లు మొదలైన చప్పుడు.