బెంజమిన్ తీసుకొచ్చిన వాళ్లు

“కొవ్వు పరీక్ష గూడ రాయుండ్రి మేడం,” అన్నాడు బెంజమిన్, తలుపు దగ్గరే నిలబడి.

డాక్టర్ మమతారాణి రాయడం ఆపి తలెత్తింది. హుస్నాబాద్‌లో ఆటో నడుపుకునే ఈ మనిషి కరీంనగర్‌లోని తన క్లినిక్‌కు లూపస్ రోగిని, అంటే ఒంటి రక్షణశక్తే ఒంటిమీద తిరగబడే జబ్బున్న మనిషిని, తీసుకురావడం ఇది ఆరోసారి. ప్రతిసారీ ఒక కొత్త మనిషి. ఎవరూ అతనికి చుట్టాలు కారు. ఈ జబ్బుకు మందులు వాడుతున్న ఆడవాళ్లు ఎక్కడున్నారో చర్చిలో, అంగట్లో వాకబు చేసి, ఇంటికి పోయి ఒప్పించి మరీ తెస్తాడు.

ఇవాళ వచ్చిన లిడియాకు ఇరవై తొమ్మిదేళ్లు. రివటలా ఉంది. తనకు కొవ్వేమిటని నవ్వింది. లూపస్ వల్ల లోలోపల రేగే వాపు, దానికి వాడే స్టెరాయిడ్లు కలిసి చిన్న వయసులోనే గుండె నాళాలను పూడ్చేస్తాయని, సన్నగా ఉన్నవాళ్లనూ వదలవని మమతారాణి ఓపికగా చెప్పింది. లిడియా నవ్వు ఆగిపోయింది.

ఇదంతా ఆటో నడిపేవాడికి ఎలా తెలుసు? కమీషన్ ఏమైనా ముడుతోందా అని మమతారాణి ఒకసారి ల్యాబ్‌లో పనిచేసే హరీష్‌ను అడిగింది కూడా. కమీషన్ మాట అటుంచి, ఆ ఆడవాళ్ల దగ్గర ఆటో కిరాయి కూడా పుచ్చుకోడని హరీష్ చెప్పాడు. దాంతో ఆమెకు కుతూహలం ఇంకా పెరిగింది.

ఇవాళ ఉండబట్టలేక అడిగేసింది. “నీకు గివన్ని ఎట్ల తెలుసు?”

“మా ఇంటామెకు గూడ గీ బీమారే మేడం.”

“మరి ఆమెకు కొలెస్ట్రాల్ చూపించినవా?”

“ఎన్నడు చూపియ్యలే.”

మమతారాణికి కోపం ముంచుకొచ్చింది. “ఊరోళ్లందరినీ తెస్తవు. ఇంట్ల మనిషిని మరిసినవా? రేపే తీస్కరా.”

ఆమె చీటీ ముందుకు లాక్కుని పేరు అడిగింది. దెబోరా అన్నాడు. వయసు అడిగింది. ముప్పై ఒకటి అన్నాడు. పరగడుపున రావాలని కింద గీత గీసి మరీ రాసిచ్చింది.

బెంజమిన్ ఆ చీటీని రెండు చేతులతో అందుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఆటో తెస్తానని బయటికి పోయాడు. ఇలాంటి మొగవాళ్లు కూడా ఉంటారా అనుకుంది మమతారాణి.

లిడియా అతను మెట్లు దిగేదాకా ఆగి, మెల్లగా చెప్పింది.

“దెబోరక్క గుండెపోటుతోని పోయి మూడేండ్లయింది మేడం.”