బోణీ కంపెనీ

ఇప్పుడు మా తెనాలిలో ప్రతివాడి చెవిలోనూ ఇయర్‌ఫోన్‌లోంచి ఒక ఏఐ వ్యాపార గురువు మాట్లాడుతుంటాడు. మా వీధిలో ఉద్యోగస్తులే లేరు, అందరూ ఓనర్లే. మూడు వ్యాపారాలు పెట్టి మూడూ మూసేసిన ఘనత మాత్రం నా ఒక్కడిదే.

మొన్న పొద్దున్నే ఎదురింటి కోటమ్మక్క ఇడ్లీ బండి దగ్గరికెళ్లాను.

"ఏమనుకోకు తమ్ముడూ, ఇంకా బోణీ కాలేదు, కాసేపాగి రా. నువ్వు బోణీ చేసిన ఏడు కొట్లూ మూతపడ్డాయట, నా గురువు చెప్పాడు," అంది.

తల దించుకుని ఇంటికొచ్చాను. నా చెవిలో గురువు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఇంత గ్యారంటీ ఉన్న చెయ్యి జిల్లాలో ఇంకెవరికీ లేదండీ! దీన్నే అమ్ముదాం."

కంపెనీ పెట్టేశాను. ఎవరైనా ఆర్డరిస్తే, వాళ్ల పోటీ కొట్టుకెళ్లి బోణీ చేసి రావడమే నా పని. తొలి ఆర్డరు కోటమ్మక్కదే, పక్కవీధి దోసెల బండి మీద. వారం తిరిగేసరికి నలభై ఆర్డర్లు. ఇన్నాళ్లకి గెలిచానని మా ఆవిడ సుభాషిణి వీధంతా లడ్డూలు పంచింది.

మర్నాడు పొద్దున్నే కోటమ్మక్క కేకేసింది.

"రా తమ్ముడూ, బోణీ చెయ్యి! వ్యాపారంలో నిలదొక్కుకున్నావుగా, ఇప్పుడు నీ చెయ్యి మంచిదంటున్నాడు నా గురువు."

ఆ ఇడ్లీతో నా నాలుగో వ్యాపారం మూతపడింది.