బిగించవద్దు

నా భర్త మురహరి మణికట్టు పట్టీ అద్దం పగిలింది. ఈ కాలంలో పెళ్లయిన వాళ్లందరికీ ఇలాంటి పట్టీలుంటాయి. ఒకరి గుండె చప్పుడు మరొకరి చేతికి తెలుస్తుంది.

"కొత్తది చేయించు విశాలా. పాతదాని లెక్కనే, ఏం మార్చకు," అన్నాడు.

సర్క్యూట్ బోర్డుల ఫైళ్లు సరిచూసి ఫ్యాక్టరీకి పంపడమే నా పని. పెళ్లికి ముందు ఈ పట్టీ కోసం అతను కరీంనగర్‌లో ఇచ్చిన ఆర్డరు ఫైలు తెరిచాను. బోర్డు బొమ్మలో అన్ని భాగాలకూ చోటుంది. విడిభాగాల జాబితాలో మాత్రం ఒకదాని ఎదురుగా "బిగించవద్దు" అని ఉంది. నా గుండె చప్పుడును అందుకునే భాగం అది. కారణం: వినియోగదారుడి కోరిక.

నాలుగేళ్లుగా రోజూ టీ తాగుతూ, పట్టీ మీద వేలు పెట్టి, "ఇయ్యాల జర ఆగమాగం ఉన్నవేంది?" అనేవాడు. ఒక్కోసారి సరిగ్గానే చెప్పేవాడు. మా అమ్మ పోయిన రోజు నేనొక్క మాట కూడా మాట్లాడలేదు. అతనికి అంతా వినబడుతోందనుకుని, అతని పక్కన ఊరికే కూర్చున్నాను.

వంటింట్లోకి వెళ్లాను. నా గుండె చెవుల్లో మోగుతోంది. అతను బెండకాయలు తరుగుతున్నాడు.

"నా గుండె ఎట్లుంది?" అని అడిగాను.

తలెత్తకుండానే పగిలిన అద్దం మీద వేలు పెట్టాడు. "నిమ్మళంగ ఉంది. ఫైలు పంపినవా?"

"పంపుతున్న. ఏం మార్చలేదు."

నా మణికట్టు మీద అతని గుండె ఎప్పటిలాగే, ఏ తడబాటూ లేకుండా కొట్టుకుంటోంది.