రేకుల గది

“ఈటిని సంపింది ఎండ కాదు బాబూ. మీరే.”

లక్ష్మణమ్మ ప్లాస్టిక్ మూత ముందుకు చాపింది. అందులో తొమ్మిది సీతాకోకచిలుకలు. తొమ్మిదీ ఆడవే. రెక్కలు ఎండి ముడుచుకుపోయాయి.

ప్రొఫెసర్ చంద్రశేఖరానికి ఒళ్ళు మండింది. ఆమె ఇక్కడి రెండు గదులూ ఊడ్చే మనిషి. ఈ వేసవికి బోన్లలో పురుగులకు పంచదార నీళ్ళు పెట్టే పని అప్పగిస్తే, ఏకంగా జీవకారుణ్య సంఘానికి ఫిర్యాదు రాయించింది. సంఘం అధ్యక్షుడు ఉదయభాస్కర్ విశాఖపట్నం నుంచి కారులో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు.

గజపతినగరం దాటాక రోడ్డు పక్కనే ఉంటాయి ఆ రెండు గదులు. ఒకటి స్లాబు గది, ఫ్యాను ఉంది; వాటి అజమాయిషీ చూసే నరసింగరావు కూర్చునేది అందులోనే. రెండోది సిమెంటు రేకుల గది, ఫ్యాను లేదు. వేసవిలో ఎలాగూ ఖాళీయే కదా అని నరసింగరావు రెండింటి తాళాలూ ప్రొఫెసర్ చేతిలో పెట్టాడు. సగం బోన్లు చల్లగా స్లాబు కింద, సగం బోన్లు రేకుల కింద.

“మా ల్యాబులో ఇంత వేడి పుట్టించాలంటే పెద్ద మిషను కొనాలండి,” అన్నాడు చంద్రశేఖరం. “ఇక్కడ రేకులే ఉచితంగా పుట్టిస్తున్నాయి. మధ్యాహ్నానికి నలభై రెండు డిగ్రీలు.”

ఏ రోజు ఎంత వేడో గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. రాసినవాళ్ళెవరూ అక్కడ పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు.

“మగవి ఎలా ఉన్నాయి?” అడిగాడు ఉదయభాస్కర్.

“బాగానే ఉన్నాయండి.”

“హమ్మయ్య. అయితే మరీ అంత ప్రమాదం లేదు.”

“అదేనండి నా పరిశోధన. ఒంట్లో జన్యువులన్నీ ఒకేసారి పనిచెయ్యవు. వేడి తగిలితే కొన్ని మేల్కొంటాయి, కొన్ని పడుకుంటాయి. అదే గది, అదే వేడి. మగవాటిలో రెండు వందల జన్యువులు తీరు మార్చుకున్నాయి. ఆడవాటిలో తొమ్మిది వందలు. గుడ్లు తయారుచేసే జన్యువులు పని ఆపేశాయి. ప్రాణం నిలుపుకోడానికే ఒళ్ళంతా తంటాలు పడుతోంది. అద్భుతమైన ఫలితం.”

“అద్బుతం మూతలో ఉన్నాది, సూడండి,” అంది లక్ష్మణమ్మ.

నరసింగరావు నవ్వాడు. “పురుగులతో నీకేటి సుట్టరికమే లచ్చనమ్మా? నిరుడు గొంగళిపురుగు కనపడితే సీపురుతో కొట్టీదానివి.”

“కొట్టినాను బాబూ. ఒక్క దెబ్బకి సచ్చింది. ఇలాగ రోజూ ఉడకబెట్టి సంపలేదు.”

ఆమెకు కావలసింది ఒకటే. ఆ రేకుల గది ఖాళీ కావాలి. అది కాగితం మీద ఉండాలి. ఇవాళే.

“ఒక్కపాలి లోపలికెళ్ళి రండి,” అంది అధ్యక్షుడితో. “ఆ తరవాత మీ ఇష్టం.”

ఉదయభాస్కర్ వెళ్ళాడు. మూడు నిమిషాల్లో బయటపడ్డాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కొబ్బరిబొండాలు తెప్పించారు. రెండు తాగాక జీవకారుణ్యం పొంగింది.

“దారుణం. ప్రాణమున్నది ఏదైనా ఇందులో ఉండగలదా? ఇప్పుడే వీటిని ఏసీ వ్యానులో తీసుకుపొండి.”

“నోటిమాట సాలదు బాబూ. మీరు కారెక్కితే మీ మాటా కారెక్కిపోద్ది. కాయితమ్మీద ఎట్టండి.”

రాశాడు. పగటిపూట ఈ గది ప్రాణమున్న దేనికీ పనికిరాదు, ముఖ్యంగా ఆడవాటికి. సంఘం ముద్ర పడింది. ప్రొఫెసర్ సంతకం చేశాడు. సాక్షిగా నరసింగరావు కూడా గీకేశాడు. పురుగుల కాగితమే కదా.

ఉదయభాస్కర్ ఒక బోను గుండెకు హత్తుకుని ఫోటో దిగాడు. ప్రొఫెసర్ ల్యాబు వ్యానులో ఏసీ ముందే వేసి, గదిని చల్లబరిచినట్టు చల్లబరిచారు. అప్పుడు గానీ బోన్లు ఎక్కించలేదు.

లక్ష్మణమ్మ కాగితం మళ్ళీ ఒకసారి చదివించుకుంది. ఆ చదువు వింటూ వింటూ నరసింగరావు మెల్లగా స్కూటర్ వైపు నడిచాడు. ఆమె వెళ్ళి ముందుచక్రానికి అడ్డంగా నిలబడింది.

“ఇంకా ఏటే?” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

“ఎడ్మాస్టరు బాబూ, మీ సంతకం కిందే ఇంకో ముక్క రాయండి, రేపు బడి తెరిస్తే ఈ రేకుల కింద కూకోవలసిన తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలభైమందినీ మీ స్లాబు గదిలోకి మార్సేసినామని.”