కొక్కెం లేని బ్రేస్‌లెట్

"చెల్లిని రేపు ఇంటికి పంపించేస్తారట!" మా ఆయన వార్డులోకి వస్తూనే అన్నారు. నేను వేసిన గంతుకి ఒళ్ళోని ఉక్కు రింగులన్నీ మంచం మీద పడ్డాయి.

మంచం మీద పడుకున్న నా ఆడపడుచు నవ్వింది. "కొత్త పెళ్ళికూతురివి, ఆసుపత్రిలో ఆ గంతులేంటి వదినా?"

"నీ బ్రేస్‌లెట్ కూడా అయిపోయిందోయ్!" రింగులో రింగు దూర్చి, మధ్యమధ్య స్ఫటికపూసలు అల్లిన పట్టీని తన మణికట్టుకి చుట్టి చూశాను. "కొక్కెం పెడితే సరి."

"కొక్కెం వద్దు. ఆఖరి రింగు నా చేతిమీదే నొక్కెయ్."

"పిచ్చిదానా, స్కానింగ్‌కి వెళ్ళేటప్పుడు ఎలా తీస్తావ్?"

"ఇంక స్కానింగులు లేవు వదినా."

మా ఆయన కిటికీవైపు తిరిగిపోయారు. ఎందుకు పంపిస్తున్నారో నాకు అప్పుడు అర్థమైంది. పటకారుతో ఆఖరి రింగు పట్టుకోబోయాను, రెండుసార్లు జారిపోయింది.

"అలా జారిస్తే నా చెయ్యి చీరేస్తావ్ తల్లీ," అంది. "రేపు ఇంటికెళ్ళాక ఎండలో కూర్చుందాం. పూసలు మెరుస్తుంటే అప్పుడు నొక్కు."