అరగని మోకాలు

తెర మీద ఎక్స్‌రే చూసి డాక్టర్ నిషిగాకి మురిసిపోతున్నాడు. తొమియే మాత్రం తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న చేతిసంచి నాడాను వేలికి చుట్టి విప్పుతూ కూర్చుంది.

ఆమె కుడి మోకాలికి పింగాణీ కీలు పెట్టి ఇరవై ఒక్క ఏళ్ళయింది. పెట్టింది నిషిగాకే. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆమె షిగరాకి ఊరి కుమ్మరి బట్టీల్లో కుండలు తట్టి చూసే పని చేసింది. చప్పుడు వింటే చాలు, ఏది బీటవారిందో చెప్పేసేది. మోకాలికి పెట్టేదీ పింగాణీయే అని డాక్టర్ సంబరంగా చెప్పినప్పుడు ఆమె ముఖం పాలిపోవడం చూసి నర్సులు నవ్వుకున్నారు.

అప్పటి నుంచి ఏటా మే నెలలో కోడలు కారును ఆసుపత్రి గుమ్మం దాకా తెచ్చి దింపుతోంది. తొమియే వరండా దాటి వచ్చి, డాక్టర్ ముందు నాలుగడుగులు వేసి చూపిస్తుంది. మొదటి ఏడాది ఆసుపత్రి ఇచ్చిన ప్రశ్నల కాగితంలో ఒక అబద్ధం రాసింది. అది చదివి ఆయన ఎంత సంతోషించాడంటే, మరుసటి ఏడు దిద్దడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

పింగాణీ కింద ఉండే ప్లాస్టిక్ దిండు ఇన్నేళ్ళకు ఎంతో కొంత అరగాలి. ఆమెది వెంట్రుక మందం కూడా తరగలేదట. వచ్చే వారం ఒసాకాలో డాక్టర్ల సభ ఉందనీ, ఆమెను వేదిక ఎక్కిస్తాననీ డాక్టర్ అన్నాడు.

తొమియే చెంపలు మండాయి.

“డాక్టరుగారూ, ఆ కాగితాల్లో ఏటా ఒక అబద్ధం రాశాను.”

ఆయన కళ్ళజోడు తీసి నవ్వాడు. “నాకు తెలియదనుకున్నారా బామ్మగారూ? మోకాళ్ళు మడిచి కూర్చోవద్దన్నాను. మీరేమో రోజూ మీ ఆయన పటం ముందు అగరొత్తి వెలిగించి అలాగే కూర్చుంటున్నారు. అంతేగా?”

ఆమె నోరు విప్పేలోగా ఆయన కాగితం లాక్కుని దిద్దేశాడు. మడిచి కూర్చున్నా అరగలేదంటే అది ఇంకా గొప్ప సంగతి, సభలో ముందు ఇదే చెబుతానన్నాడు. నిజం చెప్పబోతే ఒక అబద్ధం రెండయింది. తొమియేకు ఆ గదిలోంచి మాయమైపోతే బాగుండుననిపించింది.

ఇంతలో ఆయన తలుపు తీసి బయట కూర్చున్న మనిషిని పిలిచాడు. అతను కుంటుకుంటూ వచ్చాడు. పేరు కురిమోతో. కొండ ఊళ్ళకు ఉత్తరాలు మోసే పోస్ట్‌మన్. ఇంకా యాభై దాటలేదు. ఈ వయసులో కీలు మార్పిస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందోనని ఏడాదిగా వెనకాడాడట. తొమియే సంగతి విన్నాకే ఒప్పుకున్నాడట. ఆపరేషన్ రేపు పొద్దున.

అతను టోపీ తీసి నడుం వంచాడు. “మీ వల్లే ధైర్యం వచ్చిందండీ. నా దారిలో మెట్లే ఎనిమిది వందలు. మీకు నిలిచింది కదా, నాకూ నిలుస్తుంది.”

వంచిన నడుం అతను చాలాసేపు ఎత్తలేదు. నెత్తి మీద పలచబడిన జుట్టు ఆమెకు కనిపిస్తోంది.

తొమియే బల్ల అంచు పట్టుకుని లేచింది. అతనికన్నా కిందికి వంగింది. నేల చూపులు చూస్తూనే ఏదో గొణిగింది. ఎవరికీ వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పింది.

“ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇంట్లో నేను చక్రాల కుర్చీ దిగలేదండీ.”