మూడో పెట్టె

మేస్త్రి కొట్టిన మొదటి దెబ్బకే ఆ మనిషి కళ్ళజోడు ఎగిరి ఇసుకలో పడింది.

వెతుక్కోవడానికి వంగితే ఇంకొకడు వెనకనుంచి తన్నాడు.

"ఏం పాతిపెట్టావురా ఇక్కడ? చెప్పు!"

"చెప్పాను కదయ్యా. సముద్రం కదలిక కనిపెట్టే పెట్టెలు. మూడే మూడు."

"నీ పెట్టెలొచ్చిన కాణ్ణుంచీ వల్లో ఒక్క చేప పడితే ఒట్టు. నలభై రోజులు!"

రేవులో పడవలు బాగుచేసే మేస్త్రి అంటే అందరికీ హడల్. ముందు చెయ్యి, తర్వాతే మాట. ఆ పూట అతని వెనక ఇరవైమంది ఉన్నారు. అందరూ కడుపు మండి వచ్చినవాళ్ళే.

ఆ మనిషిది ఏ ఊరో ఎవరికీ తెలీదు. నలభై రోజుల కిందట వచ్చాడు. రేవు ఆఫీసుకీ ఇసుక తిన్నెలకీ మధ్య తిరుగుతూ, పెట్టెల మూతలు తుడుస్తూ, దగ్గరికి ఇనుప సామాను ఎవరు తెచ్చినా దండం పెట్టి వెనక్కి పంపేవాడు. అందరూ పెట్టెలాయన అనేవారు.

"తవ్వండ్రా!" అన్నాడు మేస్త్రి.

మొదటి పెట్టె గునపం పోటుకి పగిలింది. రెండోదాన్ని పైకి లాగి బండకేసి కొట్టారు. తీగలు పేగుల్లా బయటపడ్డాయి.

మూడోదాని మీద పెట్టెలాయన బోర్లా పడిపోయాడు.

"లేస్తావా, లేదా?"

"లేవను."

మేస్త్రి గునపం ఎత్తాడు.

"అయ్యా, ఆ గునపం అవతల పారేసి కొట్టు," అన్నాడు పెట్టెలాయన, నోటినిండా నెత్తురుతో. "ఇనుము దగ్గరికొస్తే దీని లెక్క తప్పుతుంది."

గుంపులో ఎవడో పకాలున నవ్వాడు. ఆ నవ్వుకి మేస్త్రి ఒళ్ళు భగ్గుమంది.

గునపం విసిరేసి తెడ్డు అందుకున్నాడు.

వీపు మీద కొట్టాడు. పక్కటెముకల మీద కొట్టాడు. ఏదో ఫట్టున విరిగింది. తెడ్డేమో అనుకున్నాడు. చూస్తే తెడ్డు నిక్షేపంగా ఉంది.

అయినా ఆపలేదు.

వలల షెడ్డులోంచి మేస్త్రి అక్క పరుగెత్తుకొచ్చి అడ్డం పడింది.

"చచ్చిపోతాడ్రా! నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"తప్పుకో అక్కా!"

"ముందు నన్ను కొట్టు. తర్వాత ఆయన్ని చంపుదువుగాని."

తెడ్డు దించాడు. గుంపు ఒకరి వెనక ఒకరు జారుకుంది. అక్క పెట్టెలాయన్ని చేపల వ్యానులో వేసుకుని గుట్ట మీది ఆసుపత్రికి తీసుకుపోయింది.

పోలీసులు వచ్చి అడిగారు.

"ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదండీ. బండల మీద జారిపడ్డాను."

అక్క వచ్చి ఆ మాట చెప్పినప్పుడు మేస్త్రి వెల్డింగు ఆపి ఆమె మొహంకేసి చూశాడు.

"పిరికివాడు," అన్నాడు. కానీ మూడో పెట్టె జోలికి ఇంకెవర్నీ పోనివ్వలేదు.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం రేవు ఆఫీసు సైరన్ మోగింది.

ఎవరూ కదల్లేదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది.

రేవు ఆఫీసరమ్మ చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. "అల వస్తోంది! గుట్టెక్కండి!"

"ఏదమ్మా అల? మాకూ కళ్ళున్నాయిగా," అన్నాడు మేస్త్రి.

ఆమె అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

"నీతో వాదించే టైము లేదు. పద!"

అప్పుడు కదిలారు. ఇంజను కోసం వెనక్కి తిరిగిన ఒకణ్ణి మేస్త్రే జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. నడవలేని ముసలమ్మల్ని వీపుల మీద వేసుకున్నారు.

సగం గుట్ట ఎక్కేసరికి సముద్రం లేచింది.

గోడలా వచ్చి రేవుని గుద్దింది. పెద్ద పడవ ఐసు ఫ్యాక్టరీ కప్పు మీదకి ఎగిరిపడింది. వెల్డింగు షెడ్డు అగ్గిపెట్టెలా నలిగింది. రెండో అల వచ్చి మొదటిది మిగిల్చినవాటిని నమిలేసింది.

పైన తలలు లెక్కపెట్టారు. రెండుసార్లు లెక్కపెట్టారు.

ఒక్కరు కూడా తగ్గలేదు.

"మా కళ్ళకి కనిపించంది నీకెలా తెలిసిందమ్మా?" అన్నాడు మేస్త్రి, ఒగరుస్తూ.

"ఉప్పునీళ్ళు అంత పెద్ద ఎత్తున కదిలితే భూమి అయస్కాంతంలో చిన్న వణుకు పుడుతుంది. అల కంటే ముందు అది చేరుతుంది. మూడు పెట్టెలుంటే ఇంకా ముందే తెలిసేది. మిగిలిన ఒక్కటే చెప్పింది."

మేస్త్రి ఆసుపత్రి వైపు పరుగెత్తాడు.

అక్క వరండాలో నేల మీద కూర్చుని ఉంది. అతన్ని చూసి కూడా లేవలేదు.

"ఎలా ఉన్నాడు?"

"సైరన్ వినబడగానే లేచి కూర్చోబోయాడు. 'మోగింది కదమ్మా?' అన్నాడు. మోగిందన్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "'పిల్లలంతా పైకొచ్చారా?' అన్నాడు. వచ్చారో లేదో నాకేం తెలుసురా? వచ్చారనే చెప్పాను. పడుకున్నాడు. అంతే."

మేస్త్రి తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చావు కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆఫీసరమ్మ వచ్చింది.

"అమ్మా, మీ ఆఫీసు పెద్దలకి కబురు చెయ్యి," అన్నాడు మేస్త్రి. "ఇంత చదువుకున్న మనిషిని చేజేతులా చంపింది నేనేనని నేనే చెబుతాను."

"ఆయన మా ఆఫీసు మనిషి కాదు. పెట్టెలకి కాపలా ఉంటానని తనంతట తనే వచ్చి, పని ఇమ్మని బతిమాలాడు."

"మరి ఎవరు?"

ఆమె కలం మూత పెట్టి చెప్పింది.

"అవతలి తీరంలో బడిపంతులు. ఏడేళ్ళ కిందట అక్కడ ఇలాంటి అలకి ముందు సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే, రండర్రా, గవ్వలు ఏరుకుందామని రెండో తరగతి పిల్లలందర్నీ ఇసుకలోకి తీసుకెళ్ళింది ఆయనే."